కాస్త లూజుగా కుట్టండి, ఎదిగే పిల్లాడు

మే నెల ఆఖరి వారం. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దాటాక రెండు సందుల లోపలికి ఉంటుంది మా నాన్న టైలరింగ్ షాపు. ఫ్యాను తిరుగుతోంది కానీ ఉక్కని ఈ మూల నుంచి ఆ మూలకి నెట్టడం తప్ప అది చేసేదేమీ లేదు. జూన్‌లో బడులు తెరుస్తారు కాబట్టి షాపు నిండా యూనిఫాం బట్టలే. బడి కిట్‌లో వచ్చిన గుడ్డని సంచిలో పెట్టుకుని, పిల్లాణ్ణి రెక్క పట్టుకుని ఒకావిడ వచ్చింది. నాన్న టేపు తీసి భుజం కొలుస్తుంటే ఆవిడ అంది: "కాస్త లూజుగా కుట్టండి మేస్టారూ, ఎదిగీ పిల్లడు. రెండేళ్ళయినా రావాల."

నేను కత్తిరింపు బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్లో స్కీలు చూస్తున్నాను. నవ్వకండి. మేముండే, అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో మంచు సీజన్ ముగిసి, షాపులవాళ్ళు మిగిలిన సరుకుని సేల్‌లో పెట్టేది ఈ రోజుల్లోనే. మెడ మీద చెమట తుడుచుకుంటూ మంచు మీద జారే స్కీలు కొనడం నాకూ వింతగానే ఉంది.

ఆ పొద్దునే మా డెన్వర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇదే చర్చ. మా అందరిలోకీ బాగా స్కీ చేసే ఆయన ఒకే ముక్క రాశాడు: "ఎదుగుతున్న స్కీయర్ ఎప్పుడూ ఒక మెట్టు పైది కొనాలి. లేకపోతే రెండేళ్ళకే మళ్ళీ కొనుక్కోవాలి." దాని కింద ఏడు బొటనవేళ్ళు, అందులో ఒకటి నాది. బొటనవేలు పెట్టేసి, 165 సెంటీమీటర్ల స్కీలు కార్ట్‌లో వేసి, డబ్బు కట్టబోతుండగా ఆవిడ మాట చెవిన పడింది. అదే మాట. అవే రెండేళ్ళు.

ఆ మాట బట్టలకైతే సరే. స్కీలకు మాత్రం అది తప్పుడు సలహా అని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం కుదరడానికి నాలుగు చలికాలాలు, ఒక జత బూట్లు, ఒక మోకాలు (నాది కాదు) ఖర్చయ్యాయి.

నా సంగతి క్లుప్తంగా. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు. ఇప్పటిదాకా మంచు మీద గడిపింది అటూ ఇటూగా 40 రోజులు. బ్లూ రన్‌లు, అంటే మధ్యస్తపు వాలులు, హాయిగా దిగుతాను. బ్లాక్ రన్‌లు, అంటే కష్టమైనవి, కూడా దిగుతాను, అక్కడ ఎవరూ చూడకపోతే మంచిది. స్కీలు సీజన్ మొత్తానికి అద్దెకు తెచ్చుకున్నవి, 144 పొడుగు, మెత్తనివి. ఇక సొంతవి కొనుక్కోవచ్చు అనిపించే దశ ఇది. అందుకే సలహాలు కూడా ఇప్పుడే ఎక్కువ.

బూట్లలో దూది

చిన్నప్పుడు నా బడి బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే. ముందు భాగంలో అమ్మ దూది కూరేది. ఏడాది గడిచేకొద్దీ దూది తగ్గేది, ఆఖరికి దూది లేకుండా సరిపోయే రోజుకి అడుగు అరిగిపోయేది. ఈ చదువు నాకు ఎంత బాగా వంటబట్టిందంటే, రెండో చలికాలంలో స్కీ బూట్లు కొనేటప్పుడు ముప్పై ఏళ్ళు దాటిన మనిషిని, పాదం ఇక పెరగదని తెలిసిన మనిషిని, అయినా వదులుగా ఉన్నవే ఏరుకున్నాను. షాపులో కుర్రాడు "వేళ్ళు కదులుతున్నాయా?" అని అడిగాడు. హాయిగా కదులుతున్నాయన్నాను. ఇద్దరం సంతోషించాం. పాదం కొలవాలని అతనికీ తోచలేదు, నాకూ తోచలేదు.

స్కీ బూటు సైజు అంటే పాదం పొడుగే, సెంటీమీటర్లలో. నా పాదం 23 సెంటీమీటర్ల పైన రెండు మూడు మిల్లీమీటర్లు. అంటే 23.5 బూటు. నేను కొన్నది 25.5.

ఆ ఏడాదంతా నా తిట్లన్నీ స్కీలకే. మలుపు తిప్పితే ఒక క్షణం ఆలస్యంగా తిరిగేవి. ఇవి మరీ నాసిరకం, మంచివి కొంటే మాట వింటాయి అనుకున్నాను. బూటు కదలకుండా ఉండాలని బకిల్స్ బలంగా బిగించేదాన్ని. వేళ్ళు తిమ్మిరెక్కేవి, ముందు ఎముక మీద నల్లటి కమిలిన గీత పడేది. మడమ మాత్రం లోపల లేస్తూనే ఉండేది.

తర్వాతి సీజన్లో ఒక బూట్ ఫిట్టర్ దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన పెద్దమనిషి. ఆయన ముందు నన్నేమీ అడగలేదు. బూటు లోపలి మెత్తటి తొడుగు బయటకు లాగేసి, వట్టి ప్లాస్టిక్ డొప్పలో నా పాదం పెట్టించి, వేళ్ళు ముందుకి ఆనించమన్నాడు. మడమ వెనక తన వేళ్ళు దించాడు. ఒక వేలు, రెండు వేళ్ళు దిగితే పర్వాలేదట. నాకు మూడు వేళ్ళు దిగి, ఇంకా ఖాళీ మిగిలింది. ఆయన చేతిని అలాగే ఉంచి నా మొహంలోకి చూశాడు. నాకు అమ్మ పెట్టిన దూది గుర్తొచ్చింది.

మనం ముందుకి ఒరిగితే కాలి ముందు ఎముక బూటు నాలుకని నొక్కాలి. ఆ నొక్కుడు స్కీ ముక్కు దాకా పోవాలి. మధ్యలో రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే మన మాట దారిలోనే ఆగిపోతుంది. సరైన కొలత బూట్లు వేసుకున్న మొదటి రోజు, అవే అద్దె స్కీలు, అదే కొండ, సగం కష్టం మాయమైంది. అందుకే ఎవరైనా "కొత్త స్కీలు ఏవి కొనమంటావు?" అంటే ముందు నీ బూట్లు చూపించు అంటాను. దీనిలో నాకు సందేహమే లేదు, మిగతా వ్యాసమంతా సందేహాలే.

అరువు స్కీల మీద ఒక రోజు

బూట్లు కుదిరాక ఆశ పెరిగింది. మా గ్రూపులో ఒక అక్కది 165 పొడుగున్న జత. నడుము దగ్గర, అంటే స్కీ మధ్యలో, 98 మిల్లీమీటర్ల వెడల్పు. లోపల టైటానల్ రేకులు రెండు పొరలు. పేరు టైటానియంలా వినిపిస్తుంది కానీ అది అల్యూమినియం మిశ్రమమే. అక్క నా కంటే పొడుగు, బరువు, పదేళ్ళ అనుభవం. ఒక శనివారం తనకి కుదరక "పట్టుకెళ్ళవే, చూడు" అంది. షాపులో బైండింగ్‌లు, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపులు, నా బూటుకీ నా బరువుకీ సరిచేయించుకుని కీస్టోన్ అనే స్కీ కొండకి తీసుకెళ్ళాను.

నిటారుగా పోతుంటే అద్భుతం. కారులో హైవే మీద పోతున్నట్టు, కింద మంచు గరుకు కూడా తెలియలేదు. మలుపు దగ్గరే చిక్కు వచ్చింది. వాటిని వాలుస్తున్నాను, అవి వంగట్లేదు. వంగకపోతే తిరగవు. తిరగకపోతే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే భయం వేస్తుంది. భయం వేస్తే మడమలు బయటికి తోసి గీకుతాం. లిఫ్ట్ మీద మళ్ళీ పైకి పోతూ కిందకి చూస్తే నా గుర్తులు కనిపించాయి. నా పక్కన ఎవరో దిగిన చోట సన్నటి రెండు గీతలు, పలక మీద బలపంతో గీసినట్టు. నావి చీపురుతో ఊడ్చినట్టు. మధ్యాహ్నం పన్నెండుకల్లా తొడలు మండిపోయి లాడ్జిలో సూప్ తాగుతూ కూర్చున్నాను.

ఇది నాన్నకి చెప్పాలని చూశాను. "జారీ సెక్కలు వంగడమేటే అమ్మీ?" అన్నాడు. ఆయన దగ్గర ప్యాంటు వంపులు గీసే పొడవాటి చెక్క స్కేలు ఉంటుంది. దాన్ని లోతైన వైపు కిందకి పెట్టి బల్ల మీద నిలబెట్టాను. రెండు కొసలు బల్లని తాకాయి, మధ్యలో సందు మిగిలింది. "స్కీ పక్క అంచు కూడా ఇలాగే లోపలికి వంపు తిరిగి ఉంటుంది నాన్నా. అంచు మీదకి వాల్చితే ముందు కొసలే ఆనుతాయి. మన బరువుతో ఈ సందు మూసుకోవాలి. అప్పుడది విల్లులా వంగి, ఆ విల్లు ఎటు చూస్తే అటు తీసుకుపోతుంది." నాన్న స్కేలు మధ్యలో వేలు పెట్టి నొక్కి చూశాడు. చెక్కది కదా, వంగలేదు. "దీనికి నీ బలం సాల్దు మరి," అన్నాడు.

నా వాదన మొత్తం ఆ ఒక్క ముక్కలోనే ఉంది. లూజు చొక్కా పిల్లాడు పెరిగేదాకా ఆగుతుంది, ఈలోపు వాడి ఒంటికి చెడు చేసేదేమీ లేదు. బలానికి మించిన స్కీ అలా ఆగదు. దాన్ని వంచలేని ప్రతి మలుపులోనూ గీకడం నేర్పుతుంది. అలా పది రోజులు గీకితే అదే అలవాటు. ఎదుగుదాం అని కొన్న వస్తువే ఎదగనివ్వకుండా పట్టుకుంటుంది, పైగా మనకి తెలియదు. నిటారుగా పోయేటప్పుడు అంత బాగుంటుంది కదా మరి.

పొడుగు మీద మోజు

పొడుగు స్కీ అంటే గొప్ప స్కీయర్ అన్న లెక్క పాతకాలంది, ఒకప్పుడు అది నిజం కూడా. అప్పటి స్కీలు దాదాపు తిన్నగా ఉండేవి. చెయ్యి పైకెత్తితే మణికట్టు దాకా వచ్చే పొడుగు కొనమనేవారు. పెద్దవాళ్ళు రెండు మీటర్లు దాటినవి వేసుకునేవారు. స్లొవేనియాకి చెందిన ఎలాన్ కంపెనీ 1993లో ఎస్‌సీఎక్స్ పేరుతో నడుము బాగా సన్నబడ్డ స్కీలు తెచ్చింది. తర్వాత కొన్నేళ్ళలోనే అందరి స్కీలూ ఆ దారి పట్టాయి, పొడుగు తగ్గిపోయింది. స్కీలు మారాయి గానీ వాటి వెనక ఉన్న గౌరవం మాత్రం మణికట్టు దగ్గరే ఉండిపోయింది.

కొలరాడోలోని వెయిల్‌లో పుట్టిన మికేలా షిఫ్రిన్ 2025లో వందో వరల్డ్ కప్ రేసు గెలిచింది. అది స్లాలం, దగ్గర దగ్గరగా పాతిన గేట్ల మధ్య పొట్టి మలుపులు తిరిగే రేసు. స్లాలంలో ఆడవాళ్ళ స్కీకి కనీస పొడుగు 155 సెంటీమీటర్లు, నడుము 70 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అదే మలుపులు పెద్దవిగా ఉండే జెయింట్ స్లాలంకి వచ్చేసరికి 188. మనిషి ఒకరే, నైపుణ్యం ఒకటే, స్కీ మాత్రం పనిని బట్టి మారుతుంది. నేను ఫోన్లో చూస్తున్న 165 ఏ పనికి? దానికి నా దగ్గర జవాబు లేదు, ఒక మెట్టు పైది అనడం తప్ప.

వెడల్పు విషయంలో మా కొలరాడోవాళ్ళకి ఇంకో రోగం ఉంది. పొడి మంచు పడే ఊరు కదా, వెడల్పు స్కీ ఉండాల్సిందే అంటారు. తాజా మంచు మోకాలు దాకా పడ్డ రోజున 98, 100, ఆ పైన ఉంటే స్వర్గమే, ఒప్పుకుంటాను. పోయిన సీజన్లో నేను వెళ్ళిన 11 రోజులూ లెక్కేశాను. అలాంటి రోజు ఒకటి. ఇంకోటి సగం, పది గంటలకల్లా జనం తొక్కేశారు. మిగతావన్నీ రాత్రి యంత్రం దువ్వి వెళ్ళిన గట్టి మంచు మీదే. వెడల్పు స్కీని గట్టి మంచు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి మార్చడానికి సమయం పడుతుంది, ఆ పని మోకాలు మీద పడుతుంది. వరదొచ్చిన రోజు నాగావళి దాటాలంటే పడవ కావాలి, నిజమే. అలాగని ఇంటింటికీ ఒక పడవ కొనుక్కోం కదా. ఆ ఒక్క రోజుకి అద్దెకి తెచ్చుకుంటే పోయె.

బావగారి మోకాలు, బావగారి వాదన

ఇంతకీ ఆ ఒక మెట్టు పైది అన్నాయన మా వారికి దూరపు చుట్టం, నాకు వరసకి బావగారు. ఆయన చెప్పింది ఊసుపోక చెప్పింది కాదు. ఎనభై కిలోల మనిషి, సీజన్‌కి ముప్పై రోజులు తక్కువ కాకుండా వెళ్తాడు. మూడో ఏడే బరువైన గట్టి స్కీలు కొన్నాడు, ఒక సీజన్ అవస్థ పడ్డాడు, నిజంగానే వాటిని లొంగదీసుకున్నాడు. "నేను ఎదిగానుగా?" అంటాడు. ఎదిగాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ముప్పై రోజులు పెట్టగల మనిషికి, ఆ బరువుకి, ఆ మొండితనానికి అది పని చేసింది. పిల్లని చూసుకుంటూ, కొండలకి పోయే ఐ-70 హైవే మీద ట్రాఫిక్‌లో మూడు గంటలు కూర్చుంటూ, ఏడాదికి పది పదకొండు రోజులు వెళ్ళే నాకు ఆ లెక్క నప్పదు. రెండేళ్ళు అని ఆయన అన్నది ఆయన రెండేళ్ళు. నా లెక్కలో అది ఆరేళ్ళు.

అదే బావగారు ఒకసారి షాపులో ఫారం నింపుతూ మూడో రకం స్కీయర్ అని టిక్కు పెట్టాడు. తెలియనివాళ్ళకి: ఒకటి అంటే నెమ్మదిగా జాగ్రత్తగా వెళ్ళేవాళ్ళు, రెండు మధ్యస్తం, మూడు దూకుడు. ఈ టిక్కు, వయసు, బరువు, ఎత్తు, బూటు అడుగు పొడుగు కలిపి, పడితే స్కీ ఎంత బలానికి ఊడాలో లెక్క కడతారు. అది రెండో ఏడాది సంగతి, అప్పటికాయన రెండో రకం కూడా కాడు. రోజంతా బాగానే గడిచింది. సాయంత్రం లిఫ్ట్ దగ్గర లైనులోకి మెల్లగా జారుతూ ఒరిగి పడ్డాడు. స్కీ ఊడలేదు. మోకాలు తిరిగింది. ఆ ఏడాది మిగతా సీజన్ సోఫా మీద. బిగుతు తక్కువుంటే మోకాలు తప్పక బతికేదని నేను అనను, బైండింగ్ అన్ని పడటాల నుంచీ కాపాడదు. కానీ ఆ ఫారం మీద కూడా ఆయన రాసింది రాబోయే తనని. బైండింగ్ మాత్రం ఆ రోజున్న మోకాలికే ఉంది.

నా అద్దె స్కీల గురించి కూడా నిజం చెప్పాలి. అవి నాకు నిజంగానే చాలడం లేదు. ఫిబ్రవరిలో ఒక పొద్దున, గట్టి మంచు మీద కాస్త వేగం అందుకోగానే ముక్కులు టపటపా కొట్టుకున్నాయి, వెనక కొసలు జారిపోయాయి. మెత్తదనం అప్పటిదాకా నా తప్పుల్ని క్షమించింది, ఆ రోజు నుంచి నన్ను ఆపడం మొదలుపెట్టింది. వెంటనే కార్ట్ తెరిచేదాన్నే. ఎందుకో అంచు మీద గోరు అడ్డంగా గీసి చూశాను. పదునుంటే గోరు పొడి రాలాలి. ఏమీ రాలలేదు. నాలుగు నెలలుగా సానపట్టని కత్తెరతో కత్తిరిస్తూ గుడ్డని తిట్టినట్టుంది నా సంగతి. టైలరు కూతురికి ఇది సిగ్గుచేటు. పదును పెట్టించాక జారడం సగం తగ్గింది. సగమే. మిగతా సగం స్కీదే, దాన్ని దాటేశాను. అంటే పైది అసలు వద్దు అని నేను అనలేను. ఎంత పైది అన్నదే గొడవ.

"నీకిది చాల్లే"

ఇక్కడ నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. ఆడవాళ్ళ స్కీలు అని వేరే వరస ఉంటుంది. వాటిలో చాలావరకు పక్క వరసలో ఉన్న స్కీకే కాస్త తేలిక చెక్క పెట్టి, పువ్వులు వేసి, రంగు మార్చినవి. షాపులోకి అడుగుపెట్టగానే నన్ను ఆ వైపుకి తిప్పేస్తారు. "మీకు ఇది చాలండి." ఈ మాట నేను శ్రీకాకుళంలోనూ విన్నాను. సైకిల్ కొనేటప్పుడు విన్నాను, ఇంటర్‌లో గ్రూపు తీసుకునేటప్పుడు విన్నాను, బైపీసీ చాల్లే అన్నారు. వినకుండా ఎంపీసీ తీసుకున్నాను. ఒక మెట్టు పైదే. అది నా స్థాయికి మించిందని అప్పుడు ఇంట్లో అందరూ అన్నారు, నేను ఎదిగి దాన్ని అందుకున్నాను.

మరి ఇప్పుడు 165 వద్దు అనుకుంటున్నది నా వివేకమా, నా లోపలే కాపురం పెట్టిన ఆ "చాల్లే" నా? రెండు రాత్రులు ఇదే ఆలోచన.

తెలుగులో "సరిపోయింది" అంటే రెండు అర్థాలు కదా. డబ్బు సరిపోయింది అంటే చాలింది అని. చొక్కా సరిపోయింది అంటే ఒంటికి కుదిరింది అని. షాపువాడు నాతో మొదటి అర్థంలో మాట్లాడతాడు. నేను వెతుక్కోవాల్సింది రెండోది. ఆ రెండో అర్థంలో చూస్తే పువ్వుల స్కీ నాకు కుదరదు, నా అద్దె స్కీల కంటే మెత్తన. అక్క స్కీ కూడా కుదరదు. పువ్వులున్నాయా లేవా అన్నది అసలు ప్రశ్నే కాదు. 56 కిలోలతో, ఇవాళ నాకున్న వేగంతో, అది వంగుతుందా? లెక్కలు రాని వాడికి ఎంపీసీ ఇచ్చినట్టు కాదిది. నాకు లెక్కలు వచ్చు, పుస్తకం అందుకునే ఎత్తులో ఉంటే చాలు.

వంగుడుకి చాలా కంపెనీలు అంకె ఇవ్వవు, అదో తలనొప్పి. బూట్లకి 80, 90, 100 అని వేస్తారు గానీ ఒకరి 90 ఇంకొకరి 90తో సమానం కాదు. స్కీల మీద చాలావరకు అదీ లేదు. "ఇంటర్మీడియట్ నుంచి ఎక్స్‌పర్ట్ దాకా" అని రాస్తారు, అంటే పెళ్ళి సంబంధాల్లో చామనఛాయ అన్నట్టు. అద్దెకి తీసుకుని ఒక రోజు తొక్కి చూడటం తప్ప దారి లేదు. మార్చిలో అలా మూడు జతలు చూశాను, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, మరో రోజు ఒకటి. మూడోదాని మీద లిఫ్ట్ ఎక్కి కిందకి చూస్తే నా గుర్తుల్లో ఒక చోట, ఒకే ఒక్క మలుపులో, చీపురు ఆగి బలపం మొదలైంది. నడుము 82. పాదం కింద మాత్రమే ఒక చిన్న రేకు. పొడుగు 151.

లోపలి బట్ట

మరి అది కూడా రెండేళ్ళకి చాలకపోతే? ఈ ప్రశ్న నాన్నని అడిగాను, స్కీల గురించి కాదు, యూనిఫాం గురించి. ఆవిడ లూజు అడిగింది కదా, ఎంత పెడతావు అని.

"లూజు నానెందుకు పెడతానే?" అన్నాడు. "లూజు పైకి కనపడితే అది లూజు. లోపల ఉండాల. భుజం కరెస్టుగా కుట్టీయాల, భుజం లూజైతే చొక్కా అంతా జారిపోద్ది. పక్క కుట్ల లోపల గుడ్డ వదలాల, కాలి మడతలో వదలాల."

ఆయన అన్నీ ఒకేలా వదలడు. భుజంలో వదలడు. పెరిగాక విప్పగలిగే చోటే వదులుతాడు. నాకు అప్పుడు నా 82 మీద కాస్త ధైర్యం వచ్చింది. ఆ స్కీ పొడవునా నాకు వంగుతుంది, కానీ మెలిపెడితే గట్టిగా ఉంది. వేగం పెరిగినా అంచు పట్టు వదలకపోవడం ఆ మెలి గట్టిదనం వల్లే. బైండింగ్ పట్టాల మీద జరుగుతుంది, డిన్ నంబరు, అంటే స్కీ ఎంత బలానికి ఊడాలో చెప్పే అంకె, పెంచుకోవచ్చు. పక్క అంచు ఇప్పుడు 88 డిగ్రీలు, పట్టు ఇంకా కావాల్సి వస్తే 87కి పదును పెట్టించుకోవచ్చు. ఇవన్నీ విప్పగల కుట్లు. పొడుగూ, మొత్తం గట్టిదనమూ భుజం లాంటివి. ఒకసారి కొన్నాక వాటిని ఎవరూ విప్పలేరు.

పోలికని ఇంతకంటే లాగితే చిరుగుతుంది, ఇక్కడితో వదిలేస్తాను. నాన్నకి ఎలాగూ ఈ గోలేమీ పట్టలేదు. ఆయన ప్రశ్న వేరే. "ఎంతవుద్దే?" చెప్పాను. మనసులో రూపాయల్లోకి మార్చుకున్నాడు, నాకు తెలుస్తోంది. ఎన్ని యూనిఫాంలో కూడా లెక్క కట్టుకుని ఉంటాడు. ఏమీ అనలేదు. టేపు తీసి గుమ్మానికి ఆనించి, "నీ 151 ఎక్కడికొస్తాది?" అన్నాడు. టైలరు టేపు 150 దగ్గర అయిపోతుంది. కొస దగ్గర బొటనవేలు పెట్టి, ఆ పైన సుద్దతో గీత గీశాడు. నన్ను పక్కన నిలబడమన్నాడు. గీత నా నుదుటి దగ్గరికి వచ్చింది.

ఆ రాత్రి కార్ట్‌లోంచి 165 తీసేసి వెతికితే 151 అయిపోయింది. 144 ఉంది, 158 ఉంది. 158కి నలభై శాతం తగ్గింపు. పక్కన కూర్చున్న మా తమ్ముడు "ఏడు సెంటీమీటర్లే కదక్కా, వేసేయ్, మళ్ళీ ఈ రేటు రాదు," అన్నాడు. ఏడు సెంటీమీటర్లు. గుమ్మం మీద అది నా నడినెత్తి. దాదాపు పావుగంట ఆ పేజీ తెరిచే ఉంచాను. ఇంత రాసినదాన్ని, ఇన్ని చెప్పినదాన్ని, నలభై శాతం అనేసరికి మళ్ళీ రెండేళ్ళ తర్వాతి నన్ను ఊహించుకుంటూ కూర్చున్నాను. కొనలేదు. కొత్త సరుకు అక్టోబరులో వస్తుంది, అప్పుడు పూర్తి రేటు పెట్టాలి. బాధగానే ఉంది.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ యూనిఫాం కోసం వచ్చింది. పిల్లాడు తెర వెనక వేసుకుని వచ్చాడు. భుజాలు చక్కగా కుదిరాయి, ప్యాంటు చీలమండ దగ్గర ఆగింది. వాడు అద్దంలో చూసుకుని టక్ చేసుకున్నాడు. ఆవిడ మొహం మాత్రం చిన్నబోయింది. "లూజు పెట్టమన్నాను కదేటి మేస్టారూ."

నాన్న మాట్లాడకుండా వంగి, వాడి ప్యాంటు అంచు పట్టుకుని తిరగేసి చూపించాడు. లోపల రెండున్నర అంగుళాల మడత. ఆవిడ కూడా వంగి, దాన్ని వేళ్ళతో కొలుచుకుంది, ఒకసారి కాదు, రెండు కాళ్ళకీ.